రాయవేలూరు సిపాయిల తిరుగుబాటు: కారణంపై వాదోపవాదాలు

1806 జులై 10 తెల్లవారుజామున రాయవేలూరు కోటలోని సిపాయిలు ఈస్టిండియా కంపెనీపై తిరగబడ్డారు. చిత్తూరు జిల్లా వాసులకు ఇది కేవలం పొరుగు రాష్ట్రపు చరిత్ర కాదు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా చిత్తూరు, వేలూరు రెండూ ఉత్తరార్కాటు జిల్లాలోనివే. ఆనాడు ఏమి జరిగిందన్న విషయంలో చరిత్రకారుల మధ్య పెద్దగా భేదం లేదు. ఎందుకు జరిగిందన్నదే వివాదం. ఆ వివాదానికి జన్మస్థానం చెన్నపట్నంలోని సెయింట్ జార్జి కోట.

అప్పటి మద్రాసు గవర్నరు విలియం బెంటింక్. సేనాధిపతి సర్ జాన్ క్రాడక్. సైనిక నిబంధనలను క్రోడీకరించే సందర్భంలో సిపాయిలు కవాతు వేళ నొసట బొట్టు, నామం, విభూతి ధరించరాదనీ, చెవిపోగులు తీసివేయాలనీ, గడ్డాలు గీయించుకొని మీసాలు ఒకే తీరున కత్తిరించుకోవాలనీ విధించారు. దానికి తోడు కొత్త తలపాగా వచ్చింది. దానిపై తోలుతో చేసిన కుచ్చు ఉండేది. ఆ తోలు ఏ జంతువుదోనన్న శంక హిందువులనూ, మహమ్మదీయులనూ సమానంగా కలవరపరచింది. ఆ పాగా తెల్లవారి టోపీని పోలి ఉండటంతో మతం మార్చే ప్రయత్నమన్న వదంతి వ్యాపించింది. మే నెలలో వేలూరులోని నాలుగవ రెజిమెంటు రెండవ పటాలం దానిని ధరించ నిరాకరించింది. నాయకులను మద్రాసుకు తరలించి విచారించి కొరడాదెబ్బల శిక్ష వేశారు. జూన్‌లో ముస్తఫా బేగ్ అనే సిపాయి కుట్ర జరుగుతున్నదని ముందే హెచ్చరించినా, మతి చలించినవాడని అధికారులు కొట్టివేశారు.

తిరుగుబాటు ఒక్క పూటలోనే ముగిసింది. దళాధిపతి ఫాన్‌కోర్టుతో సహా వందమందికి పైగా ఆంగ్లేయ సైనికులు, అధికారులు హతులయ్యారు. ఆర్కాటు నుండి గిలెస్పీ అశ్వికదళంతో వచ్చి కోటను తిరిగి స్వాధీనం చేసుకున్నాడు. ఆ పోరులో, ఆ తరువాతి ప్రతీకారంలో కొన్ని వందలమంది సిపాయిలు ప్రాణాలు కోల్పోయారు. విచారణానంతరం కొందరిని ఫిరంగి గొట్టాలకు కట్టి పేల్చివేశారు.

1799లో టిప్పు సుల్తాను మరణించాక ఆయన కుటుంబాన్ని ఈ కోటలోనే ఉంచారు. తిరుగుబాటుకు ముందురోజే కోటలో టిప్పు కుమార్తె వివాహం జరిగింది. సిపాయిలు కోటపై మైసూరు జెండా ఎగురవేశారు, టిప్పు పెద్దకుమారుడు ఫతే హైదర్‌ను రాజుగా ప్రకటించారనీ చెబుతారు. అందుచేత ఇది మైసూరు రాజకుమారుల కుట్ర అన్న వాదం బలపడింది. విచారణ సంఘం మాత్రం దుస్తుల నిబంధనలనూ, టిప్పు కుటుంబ నివాసాన్నీ రెండింటినీ కారణాలుగా పేర్కొన్నది.

ఇక్కడ ఒక విషయం గమనింపదగినది. తొలి వాదనలు చేసినవారందరికీ తమ మెడ తప్పించుకునే అవసరం ఉన్నది. ఆ నిబంధన కొత్తదన్న సంగతి తనకు ఎవరూ ఎరుకపరచలేదని బెంటింక్ సమర్థించుకొని, 1810లో లండన్‌లో విజ్ఞాపన పత్రాన్నే అచ్చువేయించాడు. కుట్ర అన్నమాట నిలిస్తే క్రాడక్ పాగాపై నింద తగ్గుతుంది. ఇంగ్లండులో మరికొందరు క్రైస్తవ ప్రచారకులే కారకులని కరపత్రాలు వ్రాశారు. చివరకు 1807లో కంపెనీ డైరెక్టర్లు గవర్నరునూ, సేనాధిపతినీ ఇద్దరినీ వెనుకకు పిలిపించారు. బెంటింక్ 1828లో గవర్నరు జనరల్‌గా తిరిగివచ్చి, సతీసహగమన నిషేధానికి ముందు సిపాయిల స్పందన ఎట్లుండునో సైనికాధికారులను అడిగి తెలుసుకున్నాడు. వేలూరును మరువలేదు కాబోలు!

సాక్ష్యాలను తూచి చూస్తే పాగా వాదమే బరువుగా తోస్తుంది. టిప్పు సంతానం లేని వాలాజాబాదులోనూ, హైదరాబాదులోని కంపెనీ దళంలోనూ అదే కాలంలో అలజడి రేగింది. హైదరాబాదులో మాంట్రెసర్ ఉత్తర్వును ఉపసంహరించాకనే అది తగ్గుముఖం పట్టింది. అయితే పాగా ఒక్కటే చాలదు. పాగాపై కోపం జీతగాని కోపం. మైసూరు జెండా ఎత్తడం రాజ్యం కోరేవాని పని. మొదటిది రెండవదిగా మారడానికి కోటలోని రాకుమారుల సన్నిధి తోడ్పడి ఉండవచ్చు.

తరువాతి చరిత్రకారులు మరింత వెనుకకు వెళ్ళారు. తిరుగుబాటు చేసిన ఇరవైమూడవ రెజిమెంటు పటాలంలో తిరునెల్వేలి వారు ఎక్కువనీ, వారిలో పాళెగాళ్ళ అనుచరులు ఉన్నారనీ కొందరి అభిప్రాయం. 1799లో కయత్తారు వద్ద ఉరితీయబడిన కట్టబొమ్మన తెలుగు మూలాలున్న పాళెగాడే. 1800-1801 నాటి పాళెగాళ్ళ పోరును కె. రాజయ్యన్ తొలి స్వాతంత్ర్య సమరంగా వర్ణించారు. ఆ దృష్టితో చూస్తే వేలూరు దాని కొనసాగింపు. కంపెనీ కాగితాలలో ఇది ‘మ్యుటినీ’, తమిళంలో ‘పురట్చి’. 2006లో ద్విశతాబ్ది సందర్భంగా తపాలాశాఖ దీని స్మారకంగా బిళ్ళ విడుదల చేసింది.