బుల్లెట్టు: నాడు, నేడు

చోడవరములో గానుగాట వేళ గోవాడ పంచదార ఫ్యాక్టరీ దారిని చెరకు బండ్లు బారులు తీరి యుండగా, వాని వెనుక మా అన్నగారి బుల్లెట్టు వచ్చుచున్నదని చూడకయే చెప్పగలిగెడివారము. ఇటీవల ఆయన కుమారుడు క్రొత్త క్లాసిక్ 350 కొని తెచ్చినప్పుడు, అది గుమ్మము ముందు నిలిచినదాక నాకు తెలియలేదు.

రాయల్ ఎన్‌ఫీల్డ్ వారు ఇంగ్లండులోని రెడ్డిచ్ పట్టణమున బుల్లెట్ అను పేరును 1932లోనే వాడిరి. స్వాతంత్ర్యానంతరము మన సైన్యము సరిహద్దు గస్తీకి ఆ బండినే ఎన్నుకొనెను. 1955లో మద్రాసు మోటార్స్ వారు ఆ సంస్థతో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను స్థాపించిరి. మొదట విడిభాగములు సీమనుండి వచ్చెడివి. పిదప అన్నియు తిరువొత్తియూరులోనే తయారైనవి. చిత్రమేమనగా, 1970లో ఇంగ్లండు సంస్థ మూతపడినను మద్రాసు బండి బ్రదికినది.

ఆ పోతయినుప సిలిండరు ఇంజనును మేల్కొల్పుట ఒక క్రతువు. చిన్న మీట నొక్కి, అమ్మీటరు ముల్లు నడుమకు వచ్చువరకు కిక్కును మెల్లగా త్రొక్కి, మీట విడిచి, అప్పుడు బలముగా తన్నవలెను. తప్పినచో అదియే తిరిగి తన్నును. శ్రోతలలో ఆ దెబ్బ తిన్నవారు లేకపోరు.

2021లో వచ్చిన క్లాసిక్‌లో పెద్ద దీపమునకు ఇరువైపుల చిరుదీపములు పాత తీరువే. ఇంజను మాత్రము సమస్తము క్రొత్తది. పిస్టను నడక నాడు 90 మిల్లీమీటర్లు, నేడు 85.8. అదురు నణచుటకు లోపల ప్రతిభారముతో తిరుగు ఇరుసొకటి చేర్చిరి. మీట నొక్కిన చాలును.

మాడుగుల దారిని నాలుగు క్రోసులు నడిపితిని. అద్దములో వెనుకటి దారి అదరక కనిపించినది; పాత బండిపై ఆ భాగ్య మెరుగము. కాని పాత బుల్లెట్టుకు గేరు కుడి పాదమున, బ్రేకు ఎడమ పాదమున; దీనికి తారుమారు. బండి రూపమును నమ్మి నా పాదము పాత అలవాటునకు పోయినది. ముందున్న చెరకు ట్రాక్టరు ఆగగానే ఎడమ కాలు నొక్కితిని. బ్రేకు పడుటకు మారుగా గేరు దిగినది. చేతి బ్రేకు అందుటచే తొట్టికి మూరెడు దూరమున నిలిచితిని.

తిరుగు దారిలో అబ్బాయి నడుపగా వెనుక కూర్చుంటిని. "చిన్నాన్నా, నాన్నగారి బండి నాకెప్పుడు నేర్పుతారు?" అని అడిగెను. అన్నగారు పోయిన నాటినుండి అది కొట్టములోనే యున్నది. ముందు కుడి యెడమలు కాలికి అలవాటు చేసికొమ్మనియు, తాళపుచెవి ఆ తరువాతనే ననియు చెప్పితిని.