జొన్నగటక నుండి రేషన్ బియ్యం దాకా: ఉత్తర తెలంగాణ స్త్రీల గుండె ఆరోగ్యం

ఆహారపు మార్పును ఇష్టాయిష్టాలకు సంబంధించిన విషయంగా చూడటం మనకు అలవాటు. కరీంనగర్, ఆదిలాబాద్ స్త్రీల విషయంలో అది సరిపోదు. ఒకప్పుడు అక్కడి పేద ఇళ్లలో జొన్నగటక, అంబలి, రొట్టె నిత్యాహారం. వరి అన్నం పండుగనాటి మాట. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన పోచంపాడు ప్రాజెక్టు, కాకతీయ కాలువ ద్వారా కరీంనగర్ చేలను వరిమళ్లుగా మార్చింది. ఆదిలాబాద్‌లో జొన్నచేలను పత్తి ఆక్రమించింది. 1983లో వచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం పథకంతో గోండు గూడేలలోనూ పాలిష్ బియ్యమే ప్రధానాహారమవుతూ వచ్చింది. ఆ పథకం ఆకలి తీర్చింది, దాన్ని తక్కువ చేయలేం. కానీ పీచు పోయింది, రక్తంలో చక్కెరను త్వరగా పెంచే అన్నం మిగిలింది. అందరి తరువాత తినే ఇల్లాలికి కూర మిగలదు. పచ్చడి మెతుకులే, అంటే ఉప్పే.

అమెరికా చరిత్రతో పోల్చి చూడండి. బానిసలకు యజమానులు వారానికింత అని కొలిచి ఇచ్చినవి మొక్కజొన్న పిండి, ఉప్పువేసిన పందిమాంసం. నేటి నల్లజాతి స్త్రీలలో అధిక రక్తపోటు తెల్లజాతి స్త్రీలలో కంటే చాలా ఎక్కువ. దానికి వారి వంటను మాత్రమే తప్పుపట్టేవారు ఆ కొలతను, తరువాతి పేదరికాన్ని, వివక్షను మరచిపోతారు.

ఇక శ్రమ. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల స్త్రీలు ఒడిలో చాట పెట్టుకుని, పొగాకు ధూళి పీలుస్తూ రోజంతా బీడీలు చుడతారు. కూలి వెయ్యి బీడీల లెక్కన. స్త్రీలలో గుండెపోటు ఛాతీనొప్పి లేకుండా, ఆయాసంగా, నీరసంగా కూడా రావచ్చు. ఆమెకు అది పని అలసటగానే తోస్తుంది; వెయ్యి పూర్తయ్యేదాకా చాట దించదు.