గర్భిణి కంచము

"కడుపునిండ తిన్నచో బిడ్డ పెరుగును, కాన్పు కష్టమగును" అని మా కొత్తవలసలో నాయనమ్మ నిండు నెలల కోడండ్రకు అన్నము తగ్గించి పెట్టుట చిన్ననాడు చూచితిని. ఆమె కోరినది మేలే. ఆ భయ మెంతవరకు నిజమో తెలుపు చరిత్ర మన తెలుగు పల్లెలలోనే కలదు.

1987 మొదలు 1990 వరకు హైదరాబాదు చెంతనున్న 29 గ్రామములలో జాతీయ పోషకాహార సంస్థవారు ఒక పరిశీలన సాగించిరి. 15 ఊళ్లలో గర్భిణులకును, ఆరేండ్లలోపు పిల్లలకును మొక్కజొన్న, సోయా కలిపిన ఉప్మా దినదినము లభించెను. తక్కిన 14 ఊళ్లకు ఆ ప్రభుత్వ పథకము అప్పటికి చేరలేదు. శిశువుల పుట్టుబరువులో భేదము సుమారు 60 గ్రాములే. నాయనమ్మ భయపడినంత పెరుగుదల లేదు.

2003–05 నడుమ ఆ పిల్లలలో 1165 మందిని మరల పరీక్షించిరి. అప్పుడు వారికి 13 మొదలు 18 ఏండ్లు. ఉప్మా అందిన ఊళ్లవారు సగటున 14 మిల్లీమీటర్లు పొడవు. రక్తనాళముల బిరుసు తక్కువ. చక్కెరవ్యాధికి దారితీయు లక్షణమును తక్కువ. బిడ్డలును ఆ ఆహారము తినిరి గనుక ఫలమంతయు తల్లి తిండిదే యనరాదు; ఆరంభము మాత్రము అచ్చటనే.

సీమంతమునాడు ఒక్కపూట విందు చేయుదుము. తక్కిన దినములలో కోడలి కంచమున పప్పు, ఆకుకూర, చోడి అంబలి చాలినంత ఉన్నవా యని అడుగుట పెద్దల పని.