బైండింగ్ షాపులో ఏడేళ్ళు

మైకేల్ ఫారడే కథ మనందరికీ ఎక్కడో ఒకచోట తగిలే ఉంటుంది. కమ్మరి కొడుకు, బడి చదువు అంతంతమాత్రం. పుస్తకాలు బైండ్ చేసే షాపులో పనికి కుదిరి, బైండింగ్‌కి వచ్చిన పుస్తకాలే చదువుకుని ప్రపంచం మెచ్చిన శాస్త్రవేత్త అయ్యాడు. ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ ఇలా చెప్పినప్పుడల్లా ఆయన మన ఏకలవ్యుడిలా కనిపిస్తాడు. చేరదీసిన గురువు లేడు, ఉన్నదల్లా పట్టుదల. నిజానికి ఫారడేకి యజమాని ఉన్నాడు, సంతకాలు పెట్టిన ఒప్పంద పత్రం ఉంది, ఏడేళ్ళ గడువు ఉంది. ఈ కథలో మనం సరిగా చూడనిది ఆ కాగితాన్నే.

ఫారడే పుట్టింది 1791లో, లండన్‌లో థేమ్స్ నదికి దక్షిణాన ఉన్న న్యూయింగ్టన్‌లో. తండ్రి జేమ్స్‌కి ఒంట్లో బాగుండక కొలిమి పని సరిగా సాగేది కాదు. 1801లో ధాన్యం ధరలు బాగా పెరిగినప్పుడు, పిల్లాడి చేతికి ఒక రొట్టె ఇచ్చి వారమంతా దాంతోనే సరిపెట్టుకోమన్న రోజులున్నాయి. 1804లో బ్లాండ్‌ఫర్డ్ వీధిలోని జార్జ్ రీబో అనే పుస్తకాల వ్యాపారి దగ్గర పైపనులు చేసే కుర్రాడిగా చేరాడు. అప్పట్లో దినపత్రికలు ఖరీదు. ఒకే పేపర్ని కొన్ని ఇళ్ళవాళ్ళు వంతులవారీగా అద్దెకు తెప్పించుకుని చదివేవాళ్ళు. ఒక ఇంట్లో ఇవ్వడం, చదవడం అయ్యాక వెనక్కి తీసుకుని ఇంకో ఇంటికి పరిగెత్తడం, ఇదీ ఫారడే పని. ఏడాది ఇలా తిరిగాక 1805 అక్టోబరు 7న, పద్నాలుగేళ్ళ వయసులో, రీబో దగ్గర అప్రెంటిస్‌గా ఒప్పంద పత్రం రాసుకున్నారు.

ఆ కాగితం విలువేమిటో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. ఇంగ్లండ్‌లో 1563లో వచ్చిన ఒక చట్టం ప్రకారం, కనీసం ఏడేళ్ళు అప్రెంటిస్‌గా ఉండనివాడు అప్పటికి ఉన్న చేతివృత్తుల్లో దేన్నీ సొంతంగా చేసుకోకూడదు. ఒప్పందంలో మామూలుగా ఉండే షరతులు ఇప్పుడు చదివితే నవ్వొస్తుంది, కాస్త భయం కూడా వేస్తుంది. అప్రెంటిస్ పెళ్ళి చేసుకోకూడదు, జూదం ఆడకూడదు, సారాయి దుకాణాలకి వెళ్ళకూడదు, యజమాని వృత్తి రహస్యాలు బయటపెట్టకూడదు. యజమాని తన వంతుగా తిండి పెట్టాలి, ఉండడానికి చోటివ్వాలి, పని నేర్పాలి. చాలా వృత్తుల్లో దీనికోసం కుర్రాడి తండ్రి ముందుగానే యజమానికి కొంత డబ్బు ముట్టజెప్పాలి. మంచి గిరాకీ ఉన్న వృత్తికి ఆ మొత్తం ఎక్కువ. అంటే, డబ్బున్నవాడి కొడుక్కి మంచి వృత్తి, లేనివాడి కొడుక్కి ఎవరు చేర్చుకుంటే అది.

ఫారడే ఒప్పందంలో ఆ డబ్బు ప్రస్తావన ఉంది గానీ, తీసుకోలేదని చెప్పడానికే. నమ్మకంగా సేవ చేసినందుకు రుసుము ఏమీ పుచ్చుకోవడం లేదని రాశారు. పేపర్లు మోసుకుంటూ తిరిగిన ఏడాదే ఆ ఇంటివాళ్ళు కట్టిన రుసుము అన్నమాట. ఫారడేకి తెరుచుకున్న మొదటి తలుపు ఇది. అది విజ్ఞానశాస్త్రం తలుపు కాదు. జిగురు, దారం, తోలు ఉండే గది తలుపు.

లోపల ఏం జరిగిందన్నది అందరికీ తెలిసిన భాగమే. బైండింగ్‌కి వచ్చిన ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికాలో విద్యుత్తు మీద వ్యాసం చదివాడు. జేన్ మార్సెట్ అనే ఆవిడ సంభాషణల రూపంలో రాసిన రసాయనశాస్త్ర పుస్తకం చదివాడు. చదివి ఊరుకోకుండా, కొన్ని పెన్నీలు ఖర్చుపెట్టి చేయగలిగిన ప్రయోగాలన్నీ చేసి చూశాడు. కాస్త వెనకబడ్డ విషయం ఇంకొకటుంది. ఇవన్నీ జరగనిచ్చింది రీబో. కుట్టాల్సిన పుస్తకం చదువుతూ కూర్చున్న కుర్రాణ్ణి ఏ యజమానైనా కసురుకుంటాడు. రీబో కసరలేదు. 1810, 11 సంవత్సరాల్లో జాన్ టేటమ్ అనే ఆయన తన ఇంట్లో సాయంత్రాలు ఇచ్చే విజ్ఞాన ఉపన్యాసాలకి వెళ్తానంటే వెళ్ళనిచ్చాడు. ఒక్కో ఉపన్యాసానికి ఒక షిల్లింగు. ఆ షిల్లింగు ఇచ్చింది అన్న రాబర్ట్. తండ్రిలాగే అతనూ కమ్మరే.

రీబో లాంటి యజమాని దొరకడం ఎంత అరుదో, అదే కాలంలో మిగతా అప్రెంటిస్‌ల సంగతి చూస్తే తెలుస్తుంది. ఊరి ధర్మసంస్థలు తమ పోషణలో ఉన్న అనాథ పిల్లల్ని ‘అప్రెంటిస్’ అనే పేరుతోనే నూలు మిల్లులకి పంపేవి. 1802లో బ్రిటిష్ పార్లమెంటు వాళ్ళకోసం చట్టం చేస్తూ, రోజుకి పన్నెండు గంటలకి మించి పని చేయించకూడదని చెప్పాల్సి వచ్చింది. ఆ పిల్లలకి ఒప్పంద పత్రం అంటే సంకెల. అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ కథ చూడండి. పన్నెండేళ్ళకి సొంత అన్న జేమ్స్ ప్రెస్సులోనే అప్రెంటిస్‌గా చేరాడు. దెబ్బలు తిన్నాడు. 1723లో, పదిహేడేళ్ళప్పుడు, గడువు తీరకుండానే పారిపోయాడు. కాగితం ఒకటే. అది చదువవుతుందా వెట్టి అవుతుందా అన్నది అవతలి సంతకం ఎవరిదన్న దాన్నిబట్టే ఉండేది.

ఫారడే రెండో తలుపు దగ్గరికి ఎలా చేరాడో చూస్తే, మొదటి పని ఎంత అక్కరకొచ్చిందో అర్థమవుతుంది. టేటమ్ ఉపన్యాసాల నోట్సుని శుభ్రంగా తిరగరాసి, బొమ్మలు వేసి, తనే నాలుగు సంపుటాలుగా బైండ్ చేసి రీబోకి అంకితమిచ్చాడు. యజమాని మురిసిపోయి షాపుకొచ్చేవాళ్ళకి వాటిని చూపించేవాడు. అలా ఆ సంగతి విలియం డాన్స్ అనే సంగీతకారుడిదాకా వెళ్ళింది. ఆయన రాయల్ ఇన్‌స్టిట్యూషన్ సభ్యుడు. 1812 వసంతంలో హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు నాలుగింటికి టికెట్లు ఇచ్చాడు. ఫారడే మళ్ళీ నోట్సు రాశాడు, మళ్ళీ బైండ్ చేశాడు.

అక్టోబరులో ఏడేళ్ళూ పూర్తయ్యాయి. ఇక పూర్తిస్థాయి బైండరు. వేరే యజమాని దగ్గర జీతానికి కుదిరాడు గానీ అక్కడ మనసు నిలవలేదు. అంతకుముందే రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్‌కి, ఏ చిన్న పనైనా ఇప్పించమని ఉత్తరం రాసి ఉన్నాడు. జవాబు లేదు. డిసెంబరులో డేవీకి రాశాడు. ఈసారి ఉత్తరంతోపాటు బైండ్ చేసిన నోట్సు కూడా పంపాడు. డేవీ జవాబిచ్చాడు, పిలిపించి మాట్లాడాడు. కానీ ఖాళీ లేదు, బైండింగ్ పనే చూసుకోమని సలహా ఇచ్చి పంపేశాడు.

డేవీకీ ఆ కాగితం కొత్త కాదు. తండ్రి పోయాక 1795లో, పదహారేళ్ళప్పుడు, పెన్జాన్స్‌లో ఒక వైద్యుడి దగ్గర అప్రెంటిస్‌గా చేరినవాడే. 1798లో బ్రిస్టల్లో పరిశోధన చేసే అవకాశం వస్తే, గడువు తీరకపోయినా ఆ వైద్యుడు ఒప్పందం నుంచి వదిలేశాడు. వదలకపోతే డేవీ పేరు మనదాకా వచ్చేది కాదేమో.

చివరికి ఖాళీ ఎలా వచ్చిందంటే, గొడవ వల్ల. 1813 ఫిబ్రవరిలో రాయల్ ఇన్‌స్టిట్యూషన్ ప్రయోగశాల సహాయకుడు పరికరాలు తయారుచేసే ఆయనతో కొట్లాడి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. డేవీకి బైండింగ్ కుర్రాడు గుర్తొచ్చాడు. మార్చి 1న ఫారడే నియామకం. వారానికి 25 షిల్లింగులు, మేడ మీద రెండు గదులు. అదే ఏడాది డేవీ దంపతులతో యూరప్ ప్రయాణానికి బయల్దేరినప్పుడు, చివరి నిమిషంలో డేవీ నౌకరు రానంటే ఆ చాకిరీ కూడా ఫారడే మీదే పడింది. సముద్రం దాటినా మళ్ళీ పైపనులు చేసే కుర్రాడే. 1831లో అయస్కాంతంతో విద్యుత్తు పుట్టించడానికి అప్పటికింకా పద్దెనిమిదేళ్ళుంది.

ఆ 1563 చట్టంలోని ఏడేళ్ళ నిబంధనని 1814లో రద్దు చేశారు. కానీ ఏడేళ్ళ లెక్క మనదాకా వచ్చింది. 1850లో ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం అనాథ, పేద పిల్లలకి పని నేర్పించే ఉద్దేశంతో అప్రెంటిస్ చట్టం చేసింది. పదేళ్ళు దాటి పద్దెనిమిది నిండని పిల్లల్ని ఒప్పందం మీద పెట్టొచ్చు, గడువు ఏడేళ్ళకి మించకూడదు అంది. మన దేశంలో అప్పటికి పని నేర్చుకోవడానికి చాలాచోట్ల కాగితం అక్కర్లేదు. ఏ ఇంట్లో పుట్టావన్నదే ఒప్పందం. మగ్గం ఉన్న ఇంట్లో పుట్టినవాడికి మగ్గం, కొలిమి ఉన్న ఇంట్లో పుట్టినవాడికి కొలిమి. కులం దాటి వేరే పని నేర్చుకోవాలనుకున్నవాడు ఏ షాపు ముందు నిలబడాలి? 1961 నాటి అప్రెంటిస్ చట్టం ఈ ప్రశ్నకి కొంత జవాబిచ్చింది. నేర్చుకునే కాలంలో స్టైపెండు ఇచ్చి తీరాలంది.

ఎక్స్‌పీరియన్స్ ఉంటేనే ఉద్యోగం, ఉద్యోగం ఉంటేనే ఎక్స్‌పీరియన్స్ అని విసుక్కునే మన తరానికి ఫారడే కథని పట్టుదల పాఠంగా చెప్తుంటారు. పట్టుదల ఉంది, కాదనను. కానీ పక్కన ఎవరెవరున్నారో లెక్కపెట్టండి. రుసుము వదులుకున్న యజమాని, షిల్లింగు ఇచ్చిన అన్న, టికెట్లు ఇచ్చిన సంగీతకారుడు, జవాబు రాసిన డేవీ. వీళ్ళలో ఏ ఒక్కరు లేకపోయినా లండన్‌లో ఇంకో మంచి బైండరు మిగిలేవాడు.

ఫారడే పెద్దవాడయ్యాక పిల్లల కోసం క్రిస్మస్ ఉపన్యాసాలు ఏళ్ళ తరబడి ఇచ్చాడు. కానీ తన చేతికింద పెట్టుకుని ఒక పరిశోధకుణ్ణి తయారుచేయలేదు. దశాబ్దాలపాటు ఆయన ప్రయోగశాలలో సాయంగా ఉన్నది ఆండర్సన్ అనే మాజీ సైనికుడు ఒక్కడే. ఫారడే దాకా అందిన ఆ గొలుసు ఆయన దగ్గరే ఆగిపోయింది. ఎందుకు ఆగిందన్న ప్రశ్న రీబో గురించి చదివిన ప్రతిసారీ నాకు గుర్తొస్తుంది.