కథాగ్రహణము (అభ్యసన వైకల్యాలు)

కథాగ్రహణము అనగా విన్న లేదా చదివిన కథలోని సంఘటనలను, వాటి కార్యకారణ సంబంధాన్ని, పాత్రల ఉద్దేశాలను అర్థం చేసుకొనడం. దానిని సొంత మాటలలో తిరిగి చెప్పడం కథాకథనము. అభ్యసన వైకల్యము గల పిల్లలలో చాలామందికి ఈ రెండింటిలో ఒకటిగానీ, రెండూగానీ కష్టమవుతాయి. ఇది సోమరితనము వలన గానీ, తెలివి తక్కువ కావడం వలన గానీ కలిగేది కాదు.

నేపథ్యము

"అభ్యసన వైకల్యము" అనే భావనను 1963లో అమెరికా మనస్తత్వవేత్త శామ్యూల్ కిర్క్ ప్రచారంలోకి తెచ్చాడు. 1979లో నాన్సీ స్టైన్, క్రిస్టీన్ గ్లెన్ అనే పరిశోధకులు కథకు ఒక "వ్యాకరణము"ను ప్రతిపాదించారు. దాని ప్రకారం కథలోని అంగాలు ఆరు: నేపథ్యము, ఆరంభ సంఘటన, పాత్ర మనోభావము, ప్రయత్నము, ఫలితము, ప్రతిస్పందన.

లక్షణాలు

* ఏమి జరిగిందో చెప్పినా, ఎందుకు జరిగిందో వదిలివేయడం.
* పాత్రల మనోభావాలను, ఉద్దేశాలను ప్రస్తావించకపోవడం.
* "అతడు", "ఆమె" అన్నది ఎవరినో వినేవారికి తెలియకుండా చెప్పడం.
* కథలో నేరుగా చెప్పని విషయాన్ని ఊహించలేకపోవడం.

చదవడము, గ్రహించడము

1986లో ఫిలిప్ గఫ్, విలియం టన్మర్ ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం చదివి అర్థం చేసుకొనడానికి పదాలను గుర్తించి చదవగల నేర్పు, విన్న భాషను గ్రహించే శక్తి రెండూ అవసరం. డిస్లెక్సియా గల పిల్లలలో పలువురు పాఠాన్ని తడబడుతూ చదువుతారు, కానీ అదే కథను వినిపిస్తే చక్కగా గ్రహిస్తారు. మరికొందరు తప్పు లేకుండా చదివి కూడా అర్థం చెప్పలేరు. చదివించి మాత్రమే పరీక్షిస్తే మొదటివారు మందబుద్ధులుగా ముద్రపడతారు. చదువు వినడానికి బాగుంటుంది కనుక రెండవవారి ఇబ్బంది ఎవరి దృష్టికీ రాదు. అందువలన కథను వినిపించి కూడా ప్రశ్నించడం అవసరం.

బోధనా పద్ధతులు

కథలోని అంగాలను బొమ్మలుగా లేదా పటంగా గీయించి, వాటి ఆధారంగా కథ చెప్పించడం ప్రధాన పద్ధతి. తెలుగులో ఏడు చేపల కథ ఇందుకు అనువైనది. చేప ఎండకపోవడానికి గడ్డిమేటు, గడ్డిమేటుకు ఆవు, ఇలా చీమ వరకు ఒక్కొక్క కారణము గొలుసుగా సాగుతుంది. ఒకే ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తుంది కనుక జ్ఞాపకశక్తిపై భారం తగ్గి, "ఎందుకు" అన్నదానిపై పిల్లల దృష్టి నిలుస్తుంది.

భారతదేశంలో చట్టము

1995 నాటి వికలాంగుల చట్టంలో అభ్యసన వైకల్యానికి చోటు లేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము నిర్దిష్ట అభ్యసన వైకల్యాన్ని గుర్తించింది.