మద్రాసు పటం, కదిలే బొమ్మల పాఠం

జీవశాస్త్రం అనగానే మన పిల్లలకు కప్ప బొమ్మ, మందారపువ్వు నిలువుకోత గుర్తుకొస్తాయి. బయోఇన్ఫర్మాటిక్స్ అంటే మాత్రం అది కంప్యూటరు వాళ్ల చదువని పక్కకు తప్పుకుంటారు. జన్యువుల, ప్రోటీన్ల సమాచారాన్ని పోగుచేసి, పోల్చి, లెక్కగట్టి అర్థం చెప్పే శాస్త్రమిది. తెలుగులో జీవ సమాచార శాస్త్రం అనుకోవచ్చు. దీని పునాదిరాళ్లలో ఒకటి మన పొరుగున మద్రాసులోనే పడింది.

మైలాపూరు సముద్రతీరంలో ఆకాశవాణి భవనం ముందునుంచి కామరాజర్ సాలై వెంట ఉత్తరంగా వెళితే, క్వీన్ మేరీస్ కళాశాల, ప్రెసిడెన్సీ కళాశాల దాటాక చేపాక్కంలో మద్రాసు విశ్వవిద్యాలయం వస్తుంది. 1857లో స్థాపించిన ఈ విశ్వవిద్యాలయంలో, 1952లో జి.ఎన్. రామచంద్రన్ భౌతికశాస్త్ర శాఖాధిపతిగా చేరారు. మన చర్మానికీ ఎముకకూ గట్టితనాన్నిచ్చే కొల్లాజెన్ అనే ప్రోటీనును ఆయన పరిశోధనకు ఎంచుకున్నారు. కంగారూ తోకలోని స్నాయువు మీదికి ఎక్స్ కిరణాలు పంపి, గోపీనాథ్ కర్తాతో కలిసి దాని నిర్మాణాన్ని శోధించారు. మూడు పోగులు జడలా పెనవేసుకున్న ఆ రూపాన్ని 1954, 1955 సంవత్సరాల్లో ప్రకటించారు.

పరమాణువులను అంత దగ్గరగా ఇరికించారేమని విదేశీ శాస్త్రజ్ఞులు ఆక్షేపించారు. రామచంద్రన్ ఆ ఆక్షేపణనే పరిశోధనాంశం చేసుకున్నారు. రెండు పరమాణువులు ఎంత దగ్గరికి రాగలవు? సి. రామకృష్ణన్, వి. శశిశేఖరన్‌లతో కలిసి లెక్కలు కట్టి, 1963లో ఒక పటం ప్రచురించారు. ప్రపంచమంతా దానిని రామచంద్రన్ పటమంటుంది.

ఆ పటం సంగతి ఇంట్లోనే తెలుసుకోవచ్చు. రెండు పోస్టుకార్డులను మూలల దగ్గర గుండుసూదితో కలపండి. ప్రోటీను గొలుసులో పక్కపక్కనున్న రెండు పలకలు అవేననుకోండి. ఒక్కొక్క కార్డును ఒక్కొక్క వైపు తిప్పుతూ పోతే, కొన్ని భంగిమల్లో అవి ఒకదాన్నొకటి ఢీకొంటాయి. ఢీకొనని కోణాలను ఒక చదరంలో గుర్తిస్తే, అందులో చిన్న భాగం మాత్రమే నిండుతుంది. మన మోచేయి వెనక్కి వంగనట్టే ప్రోటీను గొలుసు కూడా ఇష్టమొచ్చినట్టు వంగలేదు.

ఇలాంటి కదలికను చూపడానికి యానిమేషన్ ఎంతో తగినది. 1971లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో కణంలో ప్రోటీను తయారయ్యే తీరును మైదానంలో విద్యార్థులచేత నాట్యం చేయించి సినిమాగా తీశారు. దానికి ముందుమాట చెప్పిన పాల్ బెర్గ్ 1980లో నోబెల్ బహుమతి పొందారు. అదే 1971లో ప్రోటీన్ల నిర్మాణాలను భద్రపరిచే ప్రోటీన్ డేటా బ్యాంకు అమెరికాలో ఏడు నిర్మాణాలతో మొదలైంది. నేడు అందులో రెండు లక్షలకు పైగా ఉన్నాయి. ఎవరైనా ఉచితంగా చూడవచ్చు.

అయితే ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. తెరమీద రంగురంగుల పోగులు తిరుగుతుంటే, అణువును కెమెరాతో తీసినట్టే పిల్లలు నమ్మేస్తారు. ఆ రంగులు చిత్రకారుడు వేసినవి. పరమాణువుల స్థానాలు మాత్రం ప్రయోగం, లెక్క ఇచ్చినవి. ఈ తేడా చెప్పని పాఠం పిల్లలను ప్రేక్షకులుగానే మిగులుస్తుంది.

కనుక ఉపాధ్యాయులు బొమ్మను మధ్యలో ఆపాలి. కొడవలి కణాల రక్తహీనతనే తీసుకోండి. మామూలు హీమోగ్లోబిన్ బీటా గొలుసునూ, రోగి గొలుసునూ అక్షరాల వరుసలుగా నల్లబల్ల మీద ఒకదాని కింద ఒకటి రాయించండి. ఆరవ స్థానంలో గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వాలిన్ ఉండటం పిల్లలే పట్టుకుంటారు. ఆ తరువాత బొమ్మను నడిపితే, ఆ ఒక్క మార్పువల్ల ఎర్రకణం ఎందుకు వంకర తిరుగుతుందో అర్థమవుతుంది. వరుసలు పోల్చడమే బయోఇన్ఫర్మాటిక్స్‌లో మొదటి మెట్టు. దానికి సుద్దముక్క చాలు.

అక్షరాల వరుసనుంచి ప్రోటీను రూపాన్ని ఊహించే కంప్యూటరు విధానానికి 2024లో రసాయనశాస్త్ర నోబెల్ దక్కింది. ప్రయోగంతో తేల్చిన నిర్మాణం సరైనదో కాదో చూడటానికి మాత్రం శాస్త్రజ్ఞులు నేటికీ 1963 నాటి మద్రాసు పటాన్నే ముందు పెట్టుకుంటారు. రామచంద్రన్ 2001లో కన్నుమూశారు. మన సరిహద్దు పల్లెల బడుల్లో రెండు పోస్టుకార్డులు తిప్పి చూసిన పిల్లలకు, రేపు కంప్యూటరు తెరమీది బొమ్మను చూసి ‘ఇది ఎలా తెలిసింది?’ అని అడిగే ధైర్యం వస్తుంది.