వైకల్య భృతి, ఉద్యోగ సంపాదన: అమెరికా పద్ధతి

అమెరికాలో వైకల్యం వల్ల పని చేయలేనివారికి సోషల్ సెక్యూరిటీ శాఖ రెండు పథకాల కింద నెలనెలా డబ్బు ఇస్తుంది. ఉద్యోగం చేస్తూ పన్ను కట్టినవారికి 1956 చట్టంతో వచ్చిన వైకల్య బీమా; ఆస్తీ ఆదాయమూ అంతంతమాత్రంగా ఉన్నవారికి 1974లో మొదలైన ఎస్ఎస్ఐ. మళ్లీ పనిలో చేరినవారి విషయంలో ఈ రెండింటి లెక్కా ఒకటి కాదు.

బీమాలో తొమ్మిది నెలల ప్రయోగ కాలం ఉంటుంది. వైకల్యం కొనసాగుతూ, సంపాదన సంగతి శాఖకు తెలియజేస్తూ ఉంటే, ఆ నెలల్లో జీతం ఎంత వచ్చినా భృతి పూర్తిగా అందుతుంది. 2025లో సంపాదన 1,160 డాలర్లు దాటిన నెలే లెక్కలోకి వచ్చింది. తొమ్మిదీ వరసగా ఉండనక్కర్లేదు, అయిదేళ్ల వ్యవధిలో పడితే చాలు. అసలు చిక్కు ఆ తర్వాతే. తదుపరి 36 నెలల్లో సంపాదన పరిమితిని మించిన నెలకు భృతి ఉండదు, తగ్గిన నెలకు తిరిగి వస్తుంది. 2025లో ఆ పరిమితి 1,620 డాలర్లు, అంధులకు 2,700. మొదటిసారి గీత దాటినప్పుడు ఆ నెలకూ, తర్వాతి రెండు నెలలకూ మాత్రం చెల్లిస్తారు. ఆ వెసులుబాటు అయిపోయాక కొద్ది డాలర్ల తేడాతో మొత్తం భృతి పోవచ్చు. అందుకే పనిగంటలు కుదించుకునేవారు ఉంటారు. దాన్ని బద్ధకమనడం అన్యాయం.

ఎస్ఎస్ఐ ఒక్కసారిగా ఆగదు. వేరే ఆదాయం లేనివారి జీతంలో మొదటి 85 డాలర్లు వదిలేసి, మిగతాదాంట్లో సగం భృతిలోంచి కోస్తారు. 885 డాలర్లు సంపాదిస్తే 400 తగ్గుతుందన్నమాట. ఇక్కడ పీడించేది పొదుపు మీద ఆంక్ష: ఇల్లు, ఒక కారు వంటివి మినహాయిస్తే, ఒంటరి వ్యక్తికి 2,000 డాలర్లకు మించి ఉండకూడదు. 1989 నుంచి ఆ అంకె కదల్లేదు.

బీమా భృతి ఆగినా, వైకల్యం కొనసాగితే మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా ప్రయోగ కాలం తర్వాత కనీసం 93 నెలలు ఉంటుంది. అదే వైకల్యంతో మళ్లీ పని చేయలేకపోతే, అయిదేళ్లలోపు కొత్త దరఖాస్తు లేకుండానే పునరుద్ధరణ కోరవచ్చు. ఈ వీలు 1999లో క్లింటన్ సంతకం చేసిన చట్టంతో వచ్చింది.